చైనా పింగాణి నస్యపు బుడ్లు

చైనా పింగాణి నస్యపు బుడ్లు చింగ్ వంశపు చక్రవర్తుల కాలంలో (1644–1912) చైనా దేశస్థులు నస్యం, అనగా ముక్కుపొడుం, దాచుకొనడానికి వాడిన చిన్న సీసాలు. ఇవి అరచేతిలో ఇమిడిపోతాయి. ఎత్తు సాధారణంగా 5 నుండి 8 సెంటీమీటర్లు. సన్నని మూతి, దానికి బిరడా, బిరడా అడుగున పొడుం తోడుకొనడానికి పుల్లవంటి చిన్న చెంచా ఉంటాయి. నస్యం అలవాటు చైనాలో దాదాపు అంతరించినప్పటికీ ఈ బుడ్లను సేకరించేవారు ప్రపంచమంతటా ఉన్నారు. తెలుగువారు వీటిని దగ్గరలో చూడగల ప్రదేశం హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం. పొగాకు పంటకు, పొడుం వాడకానికి పేరుపడిన గోదావరి, కృష్ణా మండలాల పాఠకులకు ఈ విషయం పైకి కనిపించేటంత దూరమైనది కాదు.

పేరు

చైనా భాషలో వీటిని బియాన్‌హు అంటారు. బి అనగా ముక్కు, యాన్ అనగా పొగ లేక పొగాకు, హు అనగా కూజా లేక బుడ్డి. తెలుగులో నస్యం, నశ్యం, పొడుం, ముక్కుపొడుం అనే మాటలన్నీ వాడుకలో ఉన్నాయి. వీటిలో నస్యం సంస్కృత పదం. ఆయుర్వేదంలో ముక్కు ద్వారా మందు వేసే చికిత్సకు కూడా ఇదే పేరు. పొగాకు మన దేశానికి పోర్చుగీసువారి వల్ల వచ్చిన తరువాత పాత మాట కొత్త వస్తువుకు అమరింది. పింగాణి అనే మాట పారశీకం నుండి వచ్చినది. అక్కడ దానికి గిన్నె అని అర్థం. వస్తువు చైనాది, పేరు పారశీకులది, మధ్యలో వర్తకం చేసినవారు అరబ్బులు. ఈ ఒక్క మాటలో పాత సముద్ర వ్యాపారపు దారి కొంత కనిపిస్తుంది.

చైనాలో నస్యం

పొగాకు చైనాకు 16వ శతాబ్దం చివరలో చేరింది. మింగ్ వంశపు చివరి పాలకులు, ఆ తరువాత వచ్చిన మంచూ పాలకులు పొగ తాగడాన్ని నిషేధిస్తూ ఆజ్ఞలు ఇచ్చారు. నస్యాన్ని మాత్రం మందుగా భావించారు. జెసూట్ మతగురువులు, పోర్చుగీసు వర్తకులు దీనిని కానుకగా తెచ్చేవారు. 1684లో కాంగ్‌షీ చక్రవర్తి నాన్‌జింగ్ నగరానికి వెళ్ళినప్పుడు అక్కడి జెసూట్‌లు ఎన్నో కానుకలు సమర్పించగా, ఆయన మిగతావి తిరిగి ఇచ్చివేసి నస్యాన్ని మాత్రం ఉంచుకొన్నాడు. 18వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో వాంగ్ షిజెన్ అనే పండితుడు నస్యం గురించి వ్రాస్తూ, అది కళ్ళకు తేట కలిగిస్తుందనీ, అంటురోగాలను తరుముతుందనీ చెప్పాడు. రంగురంగుల గాజు బుడ్లలో దానిని దాచి దంతపు చెంచాతో తీసేవారని కూడా ఆయనే వ్రాశాడు. నస్యపు బుడ్డి రూపం అప్పటికే స్థిరపడిందని దీనివల్ల తెలుస్తున్నది.

కాంగ్‌షీ చక్రవర్తి 1696లో రాజప్రాసాదంలో గాజు కర్మాగారం నెలకొల్పాడు. దానిని నిర్వహించినవాడు కిలియన్ స్టుంఫ్ అనే జర్మన్ జెసూట్. తొలి బుడ్లలో మేలైనవి గాజువి, రాగిరేకు మీద ఎనామెల్ వేసినవి. ఆ తరువాత పచ్చరాయి (జేడ్), అగేటు, స్ఫటికం, దంతం, అంబరు, లక్క, వెదురు, సొరకాయ డొల్ల, చివరకు కొబ్బరి చిప్పతో కూడా బుడ్లు చేశారు. కొబ్బరి చిప్పను రెండు ముక్కలుగా మలచి అతికించి, పైన అక్షరాలు చెక్కిన చైనా బుడ్లు నేటికీ మ్యూజియాలలో ఉన్నాయి. కోనసీమవారికి ఇది వింతగా తోచకపోవచ్చును.

డబ్బా కాక సీసా ఎందుకు?

ఐరోపావారు నస్యాన్ని డబ్బాలో పెట్టుకొన్నారు. చైనావారు అదే నస్యాన్ని సీసాలో పెట్టారు. దీనికి రెండు కారణాలు చెబుతారు. చైనాలో చూర్ణాలు, మాత్రలు మొదటినుండి చిన్న సీసాలలోనే దాచేవారు కనుక, మందుగా వచ్చిన నస్యం కూడా మందు సీసాలోకే వెళ్ళింది. రెండవ కారణం తేమ. మూత వెడల్పుగా ఉన్న డబ్బాను తెరచిన ప్రతిసారీ గాలి తగిలి పొడి ముద్ద కడుతుంది. సన్నని మూతికి బిగుతైన బిరడా ఉంటే వాసన పోదు, చెమ్మ చేరదు. కొల్లేటి ఒడ్డున కాపురమున్నవారికి ఈ రెండవ కారణాన్ని వివరించనక్కరలేదు. వానాకాలంలో ఉప్పు, పంచదార, పొడుం ఏదైనా అక్కడ గడ్డ కట్టవలసిందే.

ఇద్దరు పెద్దమనుషులు కలుసుకొన్నప్పుడు ఒకరి బుడ్డి మరొకరికి అందించడం చైనాలో మర్యాదగా ఉండేది. మన వైపు ఇంటికి వచ్చినవారికి తాంబూలం ఇచ్చినట్లే. అతిథి బుడ్డిని తిప్పి చూసి, మెచ్చుకొని, చిటికెడు తీసుకొని తిరిగి ఇచ్చేవాడు. కనుక బుడ్డి అందం యజమాని అభిరుచికి గుర్తయింది. ఒకే మనిషి ఋతువును బట్టి, వేడుకను బట్టి వేర్వేరు బుడ్లు వాడడం, స్నేహితులకూ అధికారులకూ కానుకగా ఇవ్వడం మొదలైంది. సేకరణ అనేది ఆ విధంగా వాడకంలోనుండే పుట్టింది.

పింగాణి బుడ్లు

పింగాణి తయారీకి కేంద్రం జియాంగ్‌షీ రాష్ట్రంలోని జింగ్‌దజెన్. తెల్లని కేయొలిన్ మట్టిని, మెత్తగా నూరిన ఒక రకపు రాతి పొడితో కలిపి, 1300 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కాల్చగా వచ్చేది పింగాణి. గుండ్రని బుడ్లను సారె మీద తీసేవారు. బల్లపరుపు బుడ్లను అచ్చులో రెండు సగాలుగా చేసి అతికేవారు. పక్క అంచుల వెంట వేలు పోనిస్తే ఈ అతుకు కొన్నిటిలో ఇప్పటికీ తెలుస్తుంది.

రంగులు వేసే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది మెరుగుకు లోపల వేసేది. పచ్చి బుడ్డి మీద కోబాల్టుతో నీలం గానీ, రాగితో ఎరుపు గానీ చిత్రించి, పైన మెరుగు పూసి, ఒకేసారి కాలుస్తారు. రాగి ఎరుపును సాధించడం కష్టం. ఆవపు వేడి కొంచెం తేడా వస్తే బూడిదరంగుకు తిరుగుతుంది. రెండవ పద్ధతిలో, కాలిన తెల్ల బుడ్డి మీద గాజు వంటి రంగులతో బొమ్మ వేసి, 700–800 డిగ్రీల చిన్న వేడిలో మరల కాలుస్తారు. ఈ రంగులు ఉపరితలం మీద కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండి వేలికి తగులుతాయి. గులాబి, పసుపు, లేత ఆకుపచ్చ రంగులతో కూడిన ఈ రకం బుడ్లే ఎక్కువమంది సేకర్తలను ఆకర్షించేవి. బొమ్మలను అచ్చులోనే ఉబ్బెత్తుగా తీసి, జాలీవలె రంధ్రాలు చేసి, రంగులు పూసిన బుడ్లు జియాచింగ్ చక్రవర్తి కాలంలో (1796–1820) వెలువడ్డాయి.

చియెన్‌లుంగ్ చక్రవర్తి కాలంలో (1736–1795) రాజావసరాలకై జింగ్‌దజెన్‌లో చేసిన పింగాణి బుడ్లు సంఖ్యలో తక్కువ, విలువలో ఎక్కువ. అక్కడి రాజకీయ ఆవములకు చాలాకాలం అధికారిగా ఉన్నవాడు తాంగ్ యింగ్ (1682–1756). జనసామాన్యంలోకి పింగాణి బుడ్లు విరివిగా వచ్చింది 19వ శతాబ్దంలో, ముఖ్యంగా దావ్‌గువాంగ్ కాలంలో (1821–1850). తైపింగ్ తిరుగుబాటులో 1855లో జింగ్‌దజెన్ రాజకీయ ఆవములు ధ్వంసమయ్యాయి. 1860వ దశకంలో వాటిని తిరిగి నెలకొల్పారు. పనితనంలో ఈ తెగింపు తరువాతి బుడ్లలో కనిపిస్తుందని పలువురు పరిశీలకుల అభిప్రాయం.

గాజు లోపలివైపు చిత్రించిన బుడ్లు వేరొక జాతి. వంపు తిరిగిన సన్నని కలాన్ని మూతిగుండా లోపలికి పోనిచ్చి బొమ్మను తలక్రిందుల క్రమంలో వేస్తారు. జౌ లెయువాన్, మా షావ్‌షువాన్, యె జుంగ్‌సాన్, డింగ్ అర్‌జుంగ్ 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట ఈ కళలో ప్రసిద్ధులు. ఇవి పింగాణివి కావు కనుక ఇక్కడ ఇంతకన్న వివరించడం లేదు.

బొమ్మలు, వాటి అర్థాలు

ఈ బుడ్ల మీది బొమ్మలు చాలావరకు మాటల పొడుపులు. చైనా భాషలో గబ్బిలానికీ, భాగ్యానికీ ఫు అనే ఒకే ఉచ్చారణ. అందుచేత అయిదు గబ్బిలాలు గీస్తే అయిదు భాగ్యాలు. చేపకూ, సమృద్ధికీ యు అనే ఒకే ఉచ్చారణ. చేపను తిరుగులేని సంపదగా ఎరిగిన కొల్లేటివారు అర్థం చెప్పకుండానే ఈ బొమ్మను గ్రహించగలరు. దావ్‌గువాంగ్ కాలపు బుడ్ల మీద కీచురాళ్ళు తరచుగా కనిపిస్తాయి. వాటిని పెంచి పోట్లాడించడం అప్పటి వినోదం. మన కోడిపందాలకు అవి అతి చిన్న చుట్టాలు. అయిదు గోళ్ళ డ్రాగన్, పద్మాలు, ఆడుకొనే పిల్లలు, నాటకాలలోని వీరులు కూడా సాధారణమే.

బౌద్ధ సంబంధమైన బొమ్మలలో పద్దెనిమిదిమంది అర్హతులు ముఖ్యం. జియాచింగ్ కాలపు ఉబ్బెత్తు బుడ్ల మీద వీరిని చుట్టూ బారుగా తీర్చారు. చైనా చేతివృత్తివాడు గీసిన ఈ మూర్తుల మూలం భారతదేశపు భిక్షువులే. ఇక "పడమటి యాత్ర" అనే చైనా నవలలోని ఘట్టాలు మరింత ఆసక్తికరమైనవి. ఆ కథలో కోతిని వెంటబెట్టుకొని భారతదేశానికి వెళ్ళే సన్యాసి చారిత్రకంగా హుయాన్‌త్సాంగ్. ఆయన 7వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చినప్పుడు పేర్కొన్న రాజధానిని చరిత్రకారులు వేంగిగా గుర్తించారు. ఏలూరికి ఉత్తరాన ఉన్న నేటి పెదవేగి ఆ ఊరే. కోతితో, పందితో, గుర్రంతో నడచిపోతున్న సన్యాసి బొమ్మ ఉన్న బుడ్డిని చూసినప్పుడు, ఆ సన్యాసి మన పొలాల మీదుగా నడచినవాడే అని తెలుగువారు గుర్తుంచుకొనవచ్చును.

అడుగున ముద్రలు

సేకర్తకు అన్నిటికన్న ఎక్కువ చిక్కు తెచ్చేవి ఈ ముద్రలే. చైనా పింగాణి అడుగున ఆనాటి పాలకుని పేరు నాలుగు లేక ఆరు అక్షరాలలో వ్రాయడం ఆచారం. ఆరక్షరాల ముద్రకు "మహా చింగ్ వంశపు చియెన్‌లుంగ్ కాలంలో చేసినది" అని అర్థం. ఇది చదవగానే తేదీ తేలిపోయిందని కొత్తవారు సంతోషిస్తారు. కాని చైనా కుమ్మరులు పాత రాజుల పేర్లను తరువాతి వస్తువులపై వ్రాయడం సర్వసాధారణం. అందులో ఎల్లప్పుడూ మోసబుద్ధి ఉండేది కాదు. పూర్వుల పనితనం పట్ల గౌరవంతో కూడా వ్రాసేవారు. యుంగ్‌జంగ్ (1723–1735) పేరు ఉన్న, స్తూపాకారపు నీలిరంగు బుడ్లలో అధిక భాగం 19వ శతాబ్దానివే. చియెన్‌లుంగ్ ముద్రల విషయం కూడా ఇంతే. కొందరు యజమానులు తమ భవనపు పేరు వ్రాయించుకొన్నారు. దావ్‌గువాంగ్ చక్రవర్తి వాడుకకు చేసిన పింగాణి మీద షెన్‌దతాంగ్ అనే భవన నామం ఉంటుంది. అసలు ముద్రే లేని మంచి బుడ్లు కూడా అనేకం ఉన్నాయి.

చెంగ్ జుంగ్‌చాంగ్ అనే పేరుతో, 1644 మొదలుగా ఆ దశాబ్దాల తేదీలు చెక్కిన లోహపు బుడ్లు కొన్ని ఉన్నాయి. అవి నిజమైతే నస్యపు బుడ్లలో అన్నిటికన్న పాతవి కావాలి. ఆ తేదీలను నమ్మవచ్చునా అన్న విషయంలో పండితులకు నేటికీ ఏకాభిప్రాయం లేదు.

ముద్రను, దొరికిన చోటును గుడ్డిగా నమ్మితే ఏమగునో తెలిపే ఉదంతం ఒకటి ప్రసిద్ధం. 19వ శతాబ్దపు పూర్వార్ధంలో ఇటలీ పండితుడు రోసెల్లిని, ఈజిప్టులోని థీబ్స్ సమాధులలో ఒక చిన్న చైనా పింగాణి సీసా దొరికిందని ప్రకటించాడు. అటువంటివి మరికొన్ని కూడా బయటపడ్డాయి. ఫేరోల కాలంలోనే చైనాలో పింగాణి ఉండేదనీ, ఈజిప్టుతో వర్తకం జరిగేదనీ ఐరోపాలో పెద్ద చర్చ నడిచింది. చివరకు చైనా భాష తెలిసినవారు సీసాలపై ఉన్న అక్షరాలను చదివారు. అవి తాంగ్ యుగపు కవుల పద్యపాదాలు. అనగా ఆ సమాధుల కన్న రెండు వేల ఏళ్ళకు పైగా తరువాతివి. సీసాలు అంతకన్న కొత్తవి. పురాతన వస్తువులు అమ్మేవారు వాటిని సమాధులలో చేర్చి ఉంటారని భావించారు. అవి నిజానికి మందు సీసాలు. ఇటువంటి చిన్న మందు సీసాలను నస్యపు బుడ్లుగా చెప్పి అమ్మడం ఇప్పటికీ ఉన్నది.

సేకరణ చరిత్ర

చైనాలోనే రాజవంశీకులు, అధికారులు 18వ శతాబ్దం నుండి బుడ్లను కూడబెట్టారు. చిత్రకారుడు, పండితుడు అయిన జావ్ జిచియెన్ (1829–1884) నస్యంపైనా, బుడ్లపైనా ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. ఈ విషయంపై వచ్చిన మొదటి ప్రత్యేక రచనగా దానిని పరిగణిస్తారు. 1912లో రాజరికం అంతరించి, సిగరెట్లు వ్యాపించాక వాడకం తగ్గిపోయింది. కష్టకాలంలో పడిన పాత కుటుంబాల నుండి బుడ్లు వర్తకుల చేతికి, అక్కడినుండి విదేశాలకు వెళ్ళాయి.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి జార్జి సాల్టింగ్ సేకరణ 1910లోనూ, న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి బెంజమిన్ ఆల్ట్‌మన్ సేకరణ 1913లోనూ వారి మరణానంతరం చేరాయి. రెండింటిలోనూ నస్యపు బుడ్లు ఉన్నాయి. లిల్లా పెర్రీ వ్రాసిన పుస్తకం 1960లోనూ, బాబ్ స్టీవెన్స్ పుస్తకం 1976లోనూ వెలువడి సాధారణ సేకర్తలకు దారి చూపాయి. 1968లో ఎడ్వర్డ్ ఓడెల్ అమెరికాలోని బాల్టిమోరులో స్థాపించిన సంఘం తరువాత అంతర్జాతీయ చైనా నస్యపు బుడ్ల సంఘంగా మారింది. మేరీ, జార్జి బ్లాక్ దంపతుల సేకరణను 2010 నుండి హాంకాంగులో విడతలుగా వేలం వేశారు. వాటిలో 2011లో అమ్ముడుపోయిన చియెన్‌లుంగ్ కాలపు ఎనామెల్ గాజు బుడ్డి ఒకటి రెండున్నర కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా పలికింది. అటువంటి ధర రాజప్రాసాదంలో తయారైన వస్తువుకే. 19వ శతాబ్దపు మామూలు పింగాణి బుడ్లు దానితో పోల్చదగినవి కావు. ఈ తేడా తెలియనివారే నకిలీలు అమ్మేవారి చేతిలో చిక్కుతారు.

సాలార్‌జంగ్ మ్యూజియం

హైదరాబాదు సంస్థానపు దివాను వంశీయుడైన మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసఫ్ అలీఖాన్ (1889–1949), ప్రపంచం నలుమూలల నుండి వస్తువులను తెప్పించాడు. దేశాంతరాల వర్తకులు ఆయన వద్దకే వచ్చి చూపేవారు. ఆయన మరణించాక ఆ వస్తువులతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మ్యూజియం ప్రారంభమైంది. ప్రారంభించినవారు జవహర్‌లాల్ నెహ్రూ. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా ఇది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ నది ఒడ్డున ఉన్న ప్రస్తుత భవనానికి తరలించారు. ఇందులోని తూర్పు ఆసియా విభాగంలో చైనా పింగాణి, లక్క సామాను, పచ్చరాయి వస్తువులతో పాటు నస్యపు బుడ్లు కూడా ఉన్నాయి. సందర్శకులలో చాలామంది సంగీత గడియారం వద్ద గంట కొట్టే వేళకు గుమిగూడి, ముసుగు రెబెక్కా విగ్రహం చూసి వెళ్ళిపోతారు. ఈ చిన్న వస్తువుల ముందు నిలిచేవారు తక్కువ. కొనదలచినవారు మొదట అసలైన వాటిని ఇక్కడ తీరికగా పరిశీలించడం మంచిది.

గోదావరి, కృష్ణా మండలాలలో పొడుం

చైనా పింగాణి తెలుగు తీరానికి మధ్యయుగంలోనే వచ్చింది. కాకతీయ గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన మోటుపల్లిలో జరిగిన త్రవ్వకాలలో చైనా పింగాణి పెంకులు దొరికాయి. 17వ శతాబ్దంలో బందరులో స్థిరపడిన డచ్చివారి ఓడలు కూడా పింగాణిని తెచ్చేవి. కాని అవి గిన్నెలు, పళ్ళేలు, జాడీలు. నస్యపు బుడ్లు ఎగుమతికై చేసినవి కావు. అవి చైనావారు తమకోసం చేసుకొన్నవి. కనుక మన పాత ఇళ్ళ అటకలపై చియెన్‌లుంగ్ నాటి నస్యపు బుడ్డి దొరకడం దాదాపు అసంభవం. పెట్టెలలో కనిపించే చిన్న పింగాణి సీసాలు అత్తరువో, మందువో, 20వ శతాబ్దంలో యాత్రికులకు అమ్మిన బొమ్మలో అయి ఉంటాయి.

ఇక్కడి నస్యం మాత్రం ఇక్కడిదే. గోదావరి లంకలలో పండే లంక పొగాకు చుట్టలకూ, పొడుంకూ పేరుపడింది. ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852) తరువాత త్రవ్విన ఏలూరు కాలువ తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరి, రెండు డెల్టాల కాలువలను కలిపింది. రోడ్లు సరిగా లేని ఆ రోజులలో సరుకు పడవలే ఈ ప్రాంతపు వర్తకానికి ఆధారం. బందరు పొడుం ఖ్యాతి సముద్రం దాటింది. లండన్ నస్యం దుకాణాలలో "మసూలీపట్నం" పేరుతో ఒక రకం ఉండేది. ఇళ్ళలో పొగాకును ఎండబెట్టి, దోరగా వేయించి, మెత్తగా నూరి, పలుచని గుడ్డతో జల్లించి, సున్నం, నెయ్యి కలిపి పొడుం చేసుకొనేవారు. బడిపంతుళ్ళు, గుమాస్తాలు, పురోహితులు, ముసలివారు దీనికి అలవాటుపడి ఉండేవారు. కొందరు స్త్రీలు పళ్ళకు రుద్దుకొనేవారు.

దీనిని దాచుకొనే పొడుంకాయ, పొడుం డబ్బీ ప్రతి వాడకందారు నడుముననో జేబులోనో ఉండేది. సున్నపుకాయ వలెనే ఇది కూడా ఇంటి సామానులో ఒకటి. ఇత్తడి, వెండి, కొమ్ము, కొయ్య వంటి వాటితో చేసేవారు. చైనా బుడ్డికి వచ్చిన గౌరవం దీనికి రాలేదు. చైనాలో వాడకం పోయాక బుడ్డి అద్దాల బీరువాలోకి ఎక్కింది. మన వైపు వాడకం పోయాక డబ్బీ పాత ఇత్తడి కొనేవారి తక్కెడలోకి ఎక్కింది. వెయ్యి మైళ్ళ అవతలి బుడ్డికి సూచీ గ్రంథాలు, సంఘాలు, వేలాలు ఉండగా, ఏలూరు, గూడెం ఇళ్ళలోని పొడుంకాయలు ఎన్ని ఆకారాలలో ఉండేవో చెప్పే పట్టిక కూడా తయారు కాలేదు. ఈ వస్తువులపై ఆసక్తి గలవారు చైనా బుడ్డి కొనడానికి ముందు తాతగారి డబ్బీని ఫొటో తీసి, అది ఎవరిదో, ఏ ఊరిలో చేసినదో ఒక కాగితం మీద వ్రాసి పెట్టడం తేలికైన పని, ఖర్చు లేనిది కూడా.

నస్యం ఆరోగ్యానికి హానికరం. అందులో నికోటిన్ ఉంటుంది, క్యాన్సర్ కారకాలు ఉంటాయి. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం పరిధిలోకి ఇది కూడా వస్తుంది. బుడ్డిని మెచ్చుకొనడానికి పొడుం పీల్చనక్కరలేదు.

అసలు, నకిలీ

పాత బుడ్డిని గుర్తించడానికి ఏ ఒక్క లక్షణమూ చాలదు. కొన్ని గమనించదగిన విషయాలు ఇవి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో బొమ్మ చిన్న చిన్న చుక్కలుగా విడిపోతే అది చేతితో వేసినది కాదు, అచ్చు వేసినది. కుంచెతో వేసిన గీత ఒకచోట లావుగా, మరొకచోట సన్నగా ఉంటుంది. 19వ శతాబ్దం చివరలో వచ్చిన కృత్రిమ కోబాల్టు నీలం కొంత ఊదారంగు కలిసి ముతకగా కనిపిస్తుంది. మెరుగు లేని అడుగు అంచు నున్నగా అరిగి ఉండాలి. నిజమైన అరుగుదల చేయి, బట్ట తగిలే చోట్ల, అనగా భుజాల మీద, పక్కలలో, అడుగున ఉంటుంది. అన్నివైపులా సమానంగా గీతలు ఉంటే ఎవరో కావాలని గీసినవని అనుమానించాలి. తేయాకు నీళ్ళతో మరకలు వేసి ప్రాచీనత కల్పించడం పాత ఉపాయం. లోపల పొడుం జాడ ఉండటం కూడా సాక్ష్యం కాదు. పొడుం ఇప్పుడైనా వేయవచ్చును.

బిరడా సాధారణంగా మారిపోయి ఉంటుంది. రెండు శతాబ్దాలలో బిరడాలు పోవడం, వేరేవి పెట్టడం సహజం కనుక దానిని లోపంగా ఎంచరు. మూతి అంచున పెచ్చు, అతుకు వేసిన పగులు మాత్రం విలువను బాగా తగ్గిస్తాయి. గోటితో మెల్లగా మీటితే పగులు లేని పింగాణి గణగణమంటుంది. కొత్త కుండ కొనేటప్పుడు మన ఇళ్ళలో చేసే పరీక్షే ఇది.

వీటన్నిటికన్న బలమైన ఆధారం వస్తువు చేతులు మారిన చరిత్ర. ఎవరి వద్ద, ఏ సంవత్సరంలో, ఏ రసీదుతో కొన్నారో తెలిసిన బుడ్డి, కథ మాత్రమే ఉన్న బుడ్డి కన్న ఎంతో నయం. పాత జమీందారు ఇంటినుండి వచ్చిందనే మాట అమ్మేవారి నోట తరచుగా వినిపిస్తుంది. కాగితం లేనిదే ఆ మాటకు విలువ కట్టరాదు. ఉద్యోగ విరమణ సొమ్ము చేతికి వచ్చినవారు ఈ వ్యాపారులకు ప్రీతిపాత్రులని మరచిపోకూడదు.

చట్టం

భారతదేశంలో నూరేళ్ళు దాటిన కళావస్తువులకు 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం వర్తిస్తుంది. ఇది 1976 ఏప్రిల్ 5 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం పురావస్తువుల వ్యాపారం చేయడానికి లైసెన్సు ఉండాలి. విదేశాలకు పంపే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థలకు మాత్రమే ఉన్నది. వస్తువు చైనాలో తయారైనదే అయినా, భారతదేశంలో ఉన్న పాత బుడ్డిని అమెరికాలోని కొడుకుకు కానుకగా పెట్టెలో పెట్టి పంపడం కుదరదు. ఏనుగు దంతంతో చేసిన చెంచా, బిరడా ఉన్న బుడ్ల విషయంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) కూడా అడ్డువస్తుంది. దంతపు వ్యాపారం దేశంలో పూర్తిగా నిషిద్ధం.

భద్రపరచడం

పింగాణికి చెమ్మ వల్ల హాని లేదు. కాని బిరడాకు ఉన్న బెండు ఉబ్బి మూతిలో బిగుసుకొంటుంది. బలంగా లాగితే మూతి అంచు లేచిపోతుంది. ఎముక చెంచాలకు బూజు పడుతుంది. వానాకాలంలో బిరడాలను వదులుగా ఉంచి, నెలకొకసారి తీసి తుడవాలి. మెరుగుపైన వేసిన రంగులు, బంగారు గీతలు సబ్బు నీళ్ళకూ, చింతపండుకూ తట్టుకోలేవు. ఇత్తడి సామాను తోమినట్లు తోమితే బొమ్మ పోతుంది. మెత్తని పొడిగుడ్డ చాలును.

పల్లపు ఊళ్ళవారు బీరువాలో ఏ అరలో పెట్టాలో కూడా ఆలోచించుకోవాలి. తమ్మిలేరు, బుడమేరు రెండూ కొల్లేటిలోనే కలుస్తాయి. 2024 సెప్టెంబరు వరదలలో వలె ఆ నీరు ఒక్కసారిగా వచ్చినప్పుడు క్రింది అరలు ముందు మునుగుతాయి. బుడ్డిని నీరు పాడుచేయకపోయినా దానితోపాటు దాచిన రసీదులను, ఫొటోలను పాడుచేస్తుంది. కనుక కాగితాలను ప్లాస్టిక్ సంచిలో ఉంచి పై అరలో పెట్టడం, నకళ్ళు వేరే ఊరిలో ఉన్న బంధువుల వద్ద ఉంచడం మేలు. బుడ్లను విడివిడిగా దూది పరచిన గళ్ళపెట్టెలో, మూతి పైకి ఉండేటట్లు అమర్చాలి.